పిడికిలి మరిచిపోయిన చెయ్యి

అనగనగనగా, ఏటి మధ్య లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ. ఒంటిమనిషి. ఊఁ కొట్టాలి మరి బంగారూ, లేకపోతే సువార్తమ్మ అలిగి వెళ్ళిపోతుంది.

ఆవిడకో అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి మోసుకెళ్ళి దేవుడి ముందు పోసేది. తను పస్తున్నా సరే, దాన్లో చెయ్యి పెట్టేది కాదు.

ఒక ఏడు వరదొచ్చింది. మూడు రోజులు పడవ తిరగలేదు. మూడో రోజు పొద్దున్నే పక్కింటి దీనమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. కూతురు రూతుకి జ్వరం, గంజి కాయడానికి గుప్పెడు బియ్యం పెట్టమంది.

సువార్తమ్మ తినే బియ్యం అప్పటికే అయిపోయాయి. దేవుడి కుండ మాత్రం అంచుదాకా ఉంది. దేవుడివి ముట్టుకుంటే పాపమనుకుంది, పిచ్చితల్లి. అందుకే, "ఇంట్లో గింజ లేదు వదినా" అనేసింది.

దీనమ్మ ఖాళీ గిన్నెతోనే వెళ్ళిపోయింది. రెండో గుమ్మం ఎక్కింది, అక్కడా లేవు. మూడో ఇంట్లో కాసిని నూకలు దొరికాయి. రూతు బతికింది.

ఆ తర్వాత ఆదివారం సువార్తమ్మ ఆ బియ్యం చర్చిలో పోసింది. ఎప్పుడూ తేలిగ్గా తిరిగొచ్చే మనిషి, ఆ రోజు ఖాళీ కుండే మోయలేకపోయింది. పిల్ల నోటి దగ్గర గంజి ఆపి దేవుడికి పెట్టానా అని కుమిలిపోయింది. మూడు పూటలా క్షమించమని అడిగేది. అడిగిందే గానీ, మనసుకి నమ్మకం చిక్కలేదు.

అలా ఉండగా ఒకరోజు తడి అరుగు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. బియ్యం పెట్టని చెయ్యే చూసి దేవుడు కొట్టాడనుకుంది.

సంగతి తెలియగానే దీనమ్మ వచ్చింది. పొయ్యి రాజేసి వండింది. గోంగూర పచ్చడి కలిపి నోటికందించింది. మొదటి ముద్ద మింగుడుపడలేదు. రెండో ముద్దకి కళ్ళమ్మట నీళ్ళు. మూడో ముద్ద దగ్గర ఎడమచేత్తో దీనమ్మని ఆపి, ఆ రోజు అబద్ధం చెప్పాను, దేవుడి కుండ నిండుగానే ఉంది అని ఒప్పేసుకుంది.

"తెలుసు. మూత ఓరగా ఉంది, కనబడ్డాయి" అంది దీనమ్మ. "పది రోజులు నిన్ను తిట్టుకున్నాను వదినా. దేవుడికి నీ మీద చాడీలు కూడా చెప్పాను."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? ఆయన నిన్ను క్షమించకపోతే నాకీ ముద్ద కలపబుద్ధి పుడుతుందా? నోరు తెరువు, చల్లారిపోతోంది."

సువార్తమ్మ ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే తినేసింది.

చెయ్యి అతుక్కుంది గానీ, పిడికిలి ముడుచుకోవడం మానేసింది. చలికాలం వస్తే సలుపు. ఎవరైనా అయ్యో అంటే, "బిగించడం మరిచిపోయిందమ్మా, దేవుడికి స్తోత్రం" అనేది. పిడికెడు తియ్యలేక రెండు చేతులతో దోసెడు తీసేది. మూత తీసేసి ఆ కుండ అరుగు మీద పెట్టేది. ఆకలేసినవాళ్ళు తీసుకోగా మిగిలినవి ఆదివారం చర్చికి.

ఒక ఆదివారం గింజ మిగల్లేదు. ఖాళీ కుండే చంకన పెట్టుకుని పాడుకుంటూ వెళ్ళింది. ఎంత తేలిగ్గా ఉందో ఆ కుండ!

బియ్యమేమో గంజికి, కన్నీళ్ళేమో ఏటికి,
కథేమో కంచికి, కునుకేమో నీ కంటికి.