తోడుకి కాస్త పెరుగు

కేదారుడు ఏళ్ల తరబడి కూర్చుని పిల్లల కోసం ఓ లెక్కల పాట కట్టాడు. తామరపూలు ఒక్కొక్కటే కోస్తూ నూరు దాకా ఎంచే పాట అది. ఆశ్రమంలో పిల్లలు ఇట్టే పట్టేశారు. గురువు బోధానందులు మురిసిపోయి, దాన్ని చుట్టుపక్కల ఊళ్లకీ పంపించారు.

ఆ పాట ఎలా సాగుతోందో చూసొద్దామని వెళ్లిన కేదారుడు ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"పాడు చేశారు గురువుగారూ! సముద్రం ఒడ్డున తామరపూలు తీసేసి చేపలు పెట్టారు. మన కొండ కింద కాపర్ల పిల్లలైతే మరీను. నూరు దాకా ఎంచి, అక్కణ్ణుంచి వెనక్కి కూడా ఎంచుతున్నారు. తప్పిపోయిన మేకల కోసమట! ఏకంగా కొత్త చరణమే కట్టేశారు."

"లెక్క తప్పుతోందా?"

"లెక్క తప్పడం లేదు. పాటే నాది కాకుండా పోయింది. నన్నడక్కుండా ఎవరూ మార్చకూడదని మీరు ఆజ్ఞ వెయ్యండి. లేదంటే ఇక ఎవరికీ నేర్పను."

అతనికి కన్నబిడ్డను ఎవరో ఎత్తుకుపోయినట్టుంది పాపం. గురువుగారికి జాలేసింది.

"రేపు చెబుతాలే నాయనా. ముందు అన్నం తిను."

కోపంలో ఆకలి ఎక్కువేమో, కేదారుడు పెరుగు గిన్నె అడుగంటా ఊడ్చేశాడు. సాయంత్రం పాలు కాచి చల్లార్చాక గానీ తెలిసిరాలేదు, తోడు వెయ్యడానికి చుక్క కూడా మిగల్లేదని.

గురువుగారు చిన్న గిన్నె ఒకటి చేతికిచ్చారు.

"కొండ కింద మేకల మల్లమ్మనడిగి కాస్త పట్రా."

మల్లమ్మ గరిటెడు పెరుగు వేసింది. కేదారుడు మొహమాటపడ్డాడు.

"శ్రమిచ్చానమ్మా."

"శ్రమేముంది సామీ, మీ గురువుగారు పోసిన తోడే గదా! పోయినేడు తెచ్చుకున్నా. అప్పట్నుంచీ దాంతోనే ఏసుకుంటన్నా. మాయి మేకపాలు, ఇంత పల్చగానే తోడుకుంటది."

కేదారుడు గిన్నె పట్టుకుని నెమ్మదిగా కొండెక్కాడు. ఆశ్రమం ఆవుపాలలో ఆ పెరుగే తోడు వేశాడు.

మర్నాటికి పెరుగు గడ్డలా తోడుకుంది. గురువుగారు అన్నంలో కలుపుకుని ఓ ముద్ద తిన్నారు.

"కమ్మగా ఉందిరా. ఎవరిదీ పెరుగు?"

"మన..." అని ఆగాడు కేదారుడు. "మల్లమ్మ..." అని మళ్లీ ఆగాడు.

గురువుగారు నవ్వాపుకుంటూ ఇంకో ముద్ద కలిపారు.

కేదారుడు ఈసారి ముందే తోడుకి కాస్త తీసి పక్కన పెట్టాడు. తరవాత కండువా భుజాన వేసుకుని గుమ్మం దిగాడు.

"ఎక్కడికిరా? ఆజ్ఞ సంగతి అడగవేం?"

"కొండ కిందికి గురువుగారూ. ఆ మేకల చరణం మన పిల్లలకీ కావాలి. నాకింకా రాదు."