పువ్వుకు గోత్రం అడిగే అమ్మవారు

వశిష్ఠ గోదావరి ఒడ్డున, కొబ్బరితోటల నడుమ, మా పూడిచర్ల లంకలో శ్రీ గోత్రాలమ్మ తల్లి కొలువై ఉన్నది. ఇక్కడ గాలిగోపురం లేదు, వెండి తలుపులు లేవు. అవి ఉన్న గుళ్ళు చాలానే ఉన్నాయి, వెళ్ళి చూసి రావచ్చు. పువ్వుకు గోత్రం అడిగే గుడి కావాలంటే మాత్రం మా లంకకే రావాలి. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, సరే, గొప్పకే చెబుతున్నాము.

శ్రావణ శుక్రవారాల్లో తెల్లవారేసరికి గుడి ముందు బారులు తీరుతారు. పెరట్లో పెంచినవారు, మేడ మీద కుండీల్లో పెంచినవారు, ఉద్యోగం విరమించాక మొక్కల పిచ్చిలో పడినవారు, తాము కొత్తగా పుట్టించిన మందారాన్ని తడిగుడ్డలో పెట్టుకుని వస్తారు. సాయంత్రానికి ముడుచుకుపోయే పువ్వు కనుక అందరికీ తొందరే. పూజారి భక్తుల గోత్రం అడగడు. "తల్లి ఎవరు? తండ్రి ఎవరు?" అని పువ్వు సంగతి అడుగుతాడు. కాయ మోసిన మొక్క తల్లి, పుప్పొడి ఇచ్చిన మొక్క తండ్రి. తండ్రి ఎవరో తెలియకపోతే సిగ్గుపడవలసిన పని లేదు. "తుమ్మెద గోత్రం" అని చెబితే అమ్మవారు నవ్వుతూ పుచ్చుకుంటుంది. తెలిసీ చెప్పకపోతే ఆ పువ్వు తల్లి సిగలో నిలవదని పెద్దల మాట.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఏటిగట్టు మీద పసుపు పూసిన ఒక రాయి, దానిపైన తాటాకు పందిరి ఉండేవి. గట్టు కింద ఊళ్ళో అచ్చియ్యమ్మ, బంగారమ్మ అని ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. అన్నదమ్ముల పంపకాల్లో ఇల్లు రెండయింది, పెరటికి అడ్డంగా దడి పడింది. ఆ దడి జానెడు ఎటు జరిగిందన్న తగవులో ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. పెద్దదైన అచ్చియ్యమ్మ వైపు కుంకుమ రంగు ముద్దమందారం, చిన్నదైన బంగారమ్మ వైపు పసుపు రేకల మందారం మిగిలాయి.

అచ్చియ్యమ్మకు చిన్న వయసులోనే భర్త పోయాడు. జాతరలో ముత్తయిదువలంతా అమ్మవారికి పసుపు కుంకుమలు పెడుతుంటే ఆమె గట్టు కింద నిలబడవలసి వచ్చేది. ఒక ఏడు ఉండబట్టలేక పైకి అడుగు వేసింది. "ఏమ్మా, నీకు తెలీదా? దిగు" అన్నారు. దిగింది. ఇంటికి వచ్చి అరుగు మీద వాలి, అవమానంతో ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది.

కలలో అమ్మవారు వచ్చింది. "పెట్టనివ్వకపోతే పోనీవే. పసుపూ కుంకుమా రెండూ ఉన్న ఒక్క పువ్వు పూయించి తీసుకురా. ఎవరు కాదంటారో నేనూ చూస్తాను" అన్నది.

అచ్చియ్యమ్మ లేచి కొంగు బిగించింది. దడి మీదుగా ఇటు వంగిన పసుపు పువ్వు నుంచి పుప్పొడి తీసి తన మందారానికి పెట్టింది. పెట్టినప్పుడల్లా కాయ పట్టినట్టే పట్టి రాలిపోయేది. ఒక ఏడు గడిచాక ఆమెకు తెలిసివచ్చింది. తన ముద్దమందారం పుప్పొడి ఇవ్వగలదు గాని కాయ మోయలేదు. మోయవలసింది దడి అవతలి చెట్టు.

పంతం మింగి బంగారమ్మ గుమ్మం తొక్కింది. "చెల్లీ, నీ చెట్టు మీద నా పుప్పొడి పెట్టనిస్తావా?" అని అడిగి, కల సంగతి చెప్పింది.

"ఓహో, ఇన్నాళ్ళకు మా ఇల్లు గుర్తొచ్చింది ఇందుకా! సరే, పెట్టుకో. కాయ నా చెట్టుది కాబట్టి గింజ నాది. పువ్వు పూస్తే అమ్మవారి దగ్గరకు నేనే పట్టుకెళతాను. ఇష్టమైతే చెప్పు" అన్నది బంగారమ్మ.

ఏ గట్టు ఎక్కాలని ఇంత పాటు పడుతున్నదో ఆ గట్టే వదులుకోమన్నట్టయింది. కాదంటే అసలు పువ్వే లేదు. గుండె రాయి చేసుకుని, "అలాగే పట్టుకెళ్ళు. అమ్మ కోరింది అమ్మకు చేరితే చాలు" అన్నది.

పొద్దున్నే విచ్చిన పసుపు పువ్వులో, నడుమ నిలిచే కాడ కొసన ఉండే ఐదు చుక్కలకూ దూదితో ఎర్రమందారం పుప్పొడి అద్దింది. కాయ నిలిచింది. పిట్టలు ముట్టకుండా పాత చీర పీలిక కట్టి, ఎండి పగిలేదాకా రోజూ వచ్చి చూసుకునేది. మొదట్లో బంగారమ్మ ముఖం తిప్పుకునేది. తరవాత మజ్జిగ ఇచ్చింది. ఆ తరవాత కష్టసుఖాలు చెప్పుకోవడం మొదలయింది. గింజలు మొలిచి మొక్కలయ్యాయి. మొదట పూసినవి ఒకటి ఇటుక రంగు, ఒకటి మట్టి రంగు.

"ఇదేం రంగే అక్కా, తాంబూలం ఉమ్మినట్టుంది! మిగతావీ పీకేస్తాను" అన్నది బంగారమ్మ.

"పువ్వు చూడందే పీకకే తల్లీ. ఏ పుట్టలో ఏ పాముందో!" అని అచ్చియ్యమ్మ చేతులు అడ్డం పెట్టింది.

చివరి మొక్క జాతర నాటి ఉదయాన విచ్చింది. రేకలు మేలిమి పసుపు, నడుమ రూపాయి కాసంత కుంకుమ బొట్టు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అయినా మాట మాటే. బంగారమ్మ పువ్వు పట్టుకుని గట్టు ఎక్కింది. అచ్చియ్యమ్మ కిందనే నిలబడింది.

ఊరంతా ఆ పువ్వును చూసి ముక్కున వేలేసుకున్నది. "ఎవరి పేరున పెట్టమంటావమ్మా?" అని పూజారి అడిగాడు. బంగారమ్మ తన పేరు చెప్పబోయి కిందికి చూసింది.

"ఈ పువ్వుకు తల్లి మా పెరట్లోది. తండ్రి మా అక్క పెరట్లోది. పుట్టించిన చెయ్యి, అదిగో, మీరు గట్టు కింద నిలబెట్టిన చెయ్యి. అది పెడితే పూజ, నేను పెడితే దొంగసొమ్ము. అక్కా, పైకి రా!" అన్నది.

పెద్దలు గొణిగారు. బంగారమ్మ నోటికి ఎదురు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. అచ్చియ్యమ్మ గట్టు ఎక్కింది, తన చేత్తో అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించింది. ఆనాటి నుంచి ఆ తల్లి గోత్రాలమ్మ అయింది.

నేటికీ ఇక్కడ ప్రసాదం మందారపు కొమ్మే. ఇంటికి తీసుకుపోయి నాటుకుని, అడిగినవారికి కాదనకుండా ఇచ్చేవారి పెరడు ఏనాడూ పూలకు కరువుపడదు. జాతర నాడు తొలి పువ్వు పెట్టవలసింది భర్తను పోగొట్టుకున్న స్త్రీయే. కొత్తగా వచ్చినవారు అలవాటు కొద్దీ కిందనే ఆగిపోతారు. అప్పుడు పూజారి గట్టు దిగి వచ్చి, "అమ్మా, మీకోసమే చూస్తున్నాము" అని పళ్ళెం ఆమె చేతికిస్తాడు. ఆమె పైకి వచ్చేదాకా హారతి వెలిగించరు.