నూనె కాగేదాకా

పక్షవాతం నూనె అంటే సన్యాసయ్యగారి నూనే అనేవారు ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా శిష్యుడు పైడిరాజుకి ఛాతీ రెండంగుళాలు పెరిగేది. పెరగదా మరి? ఈసారి నూనె మొత్తం తన చేత్తోనే వండాడు. నలభై రోజులు పొయ్యి దగ్గరే కాపురం పెట్టాడు.

జాడీ మూత తీసిన రోజే, పైడిరాజు తల్లి గౌరమ్మని నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. మూతి ఓ పక్కకి వంకరపోయింది.

సన్యాసయ్య ఆమె పక్కన కూచున్నాడు.

"గౌరమ్మా, ఓసారి నవ్వు."

సగం మొహమే నవ్వింది.

"రెండు చేతులూ ఎత్తు."

కుడిచెయ్యి లేచినట్టే లేచి వాలిపోయింది.

"నీ కొడుకు పేరు చెప్పు."

"పై... పై..." అని ఆగిపోయింది. కళ్ళంట నీళ్ళు కారాయి. కన్నకొడుకు పేరు నోటికి రాలేదు.

"ఆఖరుసారి ఎప్పుడు బాగుంది?"

"పదింటికి నాతో పోట్లాడిందండీ," అంది పక్కింటి రాములమ్మ.

గురువు బొగ్గుముక్క తీసి గౌరమ్మ ఎడంచేతి మీద పది అని రాశాడు. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"ఆటోని పిలవండి. తలకి స్కానింగ్ తీసే పెద్దాసుపత్రికే పోవాలి."

పైడిరాజు చెంబుతో నీళ్ళు తెచ్చాడు. గురువు లాక్కుని వాకిట్లో పారబోశాడు.

"మింగలేదురా. గొంతుకడ్డం పడతాయి."

పైడిరాజుకి ఉక్రోషం వచ్చింది. "జాడీడు నూనె ఇంట్లో పెట్టుకుని మా అమ్మని ఆసుపత్రికి పంపడమేంటి గురువుగారూ? జనం నవ్విపోరా? ఆటో వచ్చినా కాస్త ఆగమందాం. నూనె కాచి, రాసి పంపుదాం. ఎంతసేపని?"

"సరే, పొయ్యి మీద పెట్టు. అది కాగేదాకా ఊపిరి బిగబట్టు."

పైడిరాజు బిగబట్టాడు. మొహం కందగడ్డయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఇక వల్ల కాక నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. గిన్నెలో వేలు పెట్టి చూస్తే నూనె చల్లగానే ఉంది.

గురువు గౌరమ్మ తల మీద చెయ్యి వేసి, "నెత్తురాడక ఇదీ ఊపిరి బిగబట్టినట్టే ఉందిరా," అన్నాడు.

వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. పైడిరాజు తల్లిని రెండు చేతులా ఎత్తుకుని పరిగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఆ బొగ్గురాత చూసి, "ఎవరు రాశారిది? వేళ తెలిసింది, బతికించారు," అంది. స్కానింగ్ తీయించి, నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాల్సిన, నెత్తురుగడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇచ్చింది.

పన్నెండో రోజు పొద్దున్నే గురువుగారి గుమ్మంలో ఓ గొంతు ఖంగుమంది.

"ఒరే పైడిరాజూ! వాకిలి ఊడవకుండా లోపలేం వెలగబెడుతున్నావురా?"

గౌరమ్మే. తన కాళ్ళ మీద తనే నడిచొచ్చింది. కుడిచేత్తో చీపురు కూడా అందుకుంది. పైడిరాజు సిగ్గూ ఎగ్గూ లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

"కాస్త వేళ్ళు పట్టేసినట్టున్నాయి గురువుగారూ. రోజూ మర్దనా చేసి వంచమంది డాక్టరమ్మ," అంది గౌరమ్మ.

సన్యాసయ్య శిష్యుడి వైపు తిరిగాడు.

"ఇప్పుడు కాచరా నూనె. నింపాదిగా కాచు."