ఏ జత నీది

హైమావతి ఎడమ చీలమండ మళ్లీ మెలిక పడింది.

సెలక్షన్ పరుగుకి ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి. పోలీసు ఉద్యోగానికి ఆమెకి ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. కిందటిసారి చివరి మలుపులో ఇదే కాలు ఇలాగే తిరగబడింది. గీత దాటేసరికి నాలుగు సెకన్లు ఎక్కువయ్యాయి. కొందరు ఐదంటారు, కొందరు పదంటారు. వాళ్లెవరూ అక్కడ లేరు. నాలుగే.

కుంటుకుంటూ గ్రౌండు గేటు దగ్గరికి వచ్చింది. గేటు పక్కన బల్ల ముందు కొర్లయ్య గురువు కూర్చుని ఉన్నారు.

కొర్లయ్య గురువు చెప్పులు కుట్టేవారు. వయసులో ఉన్నప్పుడు భీమిలి నుంచి విశాఖ దాకా ఉత్త కాళ్లతో పరిగెత్తి, మధ్యాహ్నం భోజనానికి తిరిగి వచ్చేసేవారు. పెద్దయ్యాక కుట్టుపని చేసుకుంటూనే, పొద్దున్నే పరుగుకి వచ్చేవాళ్లకి నేర్పేవారు. నేను ఆయన పక్కన పదకొండేళ్లు కూర్చున్నాను. నా చేతికి సూది ఇచ్చింది ఆయనే.

ఆయనది ఒకటే పద్ధతి. శనివారం సాయంత్రం అందరూ తమ షూ ఆయన బల్ల మీద పెట్టి వెళ్లాలి. ఆదివారం పొద్దున్న ఉత్త కాళ్లతో సముద్రం ఒడ్డున తడి ఇసుకలో పరిగెత్తాలి. తిరిగి వచ్చాక గురువు ఎవరి షూ వాళ్లకి ఇస్తూ ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట చెప్పేవారు. "కుడి భుజం దించు." "నీకు నిద్ర చాలటం లేదు." "మొదట్లో అంత తొందర వద్దు." అంతే. షూ అడుగు చూసి ఇవన్నీ ఎలా తెలుస్తాయని ఒకరిద్దరు వెనక నవ్వుకునేవారు. ఎవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

హైమావతి మాత్రం రెండు నెలలుగా షూ పెట్టటం లేదు. "కొత్తవి గురువుగారూ, ఇంకా ఏం అరిగాయని చూస్తారు?" అనేది. ఐసు ఫ్యాక్టరీలో పెట్టెలు మోసే పిల్ల. బలం ఉంది, ఆ బలం తనకి తెలుసు, ఎదుటివాళ్లకి కూడా తెలియాలి.

"ఏటయింది గుంటా?" అన్నారు గురువు.

"హైటాప్ మోసం చేసింది గురువుగారూ."

ఆ షూ మేజోడులా అల్లినవి. మేజోడుకి కింద రబ్బరు అడుగు అంటిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. వాటిలో రెండు రకాలు. హైటాప్ అయితే చీలమండ మీదకి నాలుగు వేళ్ల ఎత్తు మెడ వస్తుంది. లోటాప్‌కి ఆ మెడ ఉండదు, చీలమండ కిందే ఆగిపోతుంది. "ఈ మెడ నీ కాలిని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది" అని చెప్పి కొట్టువాడు హైమావతికి అమ్మాడు. వాడి పేరు చెప్పను. ఒకసారి మా గురువు చేసిన జోడుని చూసి అతుకుల బొంత అన్నాడు వాడు. అది జరిగి పద్దెనిమిదేళ్లయింది. ఆ వీధిలోంచి నేను ఇంకా నడవను.

హైమావతి వెనకే నాగరత్నం వచ్చింది. ఇద్దరూ ఒకే సెలక్షన్‌కి తయారవుతున్నారు, ఒకే రోజు ఒకే కొట్లో షూ కొన్నారు. నాగరత్నానివి లోటాప్‌లు.

"నేను ముందే చెప్పాను కదే," అంది నాగరత్నం. "నాలాగా లోటాప్ తీసుకో, తేలిగ్గా ఉంటాయి, కాలికి గాలాడుతుంది అన్నాను. నువ్వేమో ఎండాకాలంలో కాళ్లకి స్వెట్టర్ తొడిగావు."

"నీ షూలో రోజూ పిడికెడు ఇసుక పడుతుంది, ఆ సంగతి చెప్పవేం? నా దాంట్లోకి ఒక్క రవ్వ పోదు."

"ఇసుకా పోదు, కాలూ పోదు. తొడగటానికే పావుగంట. అక్కడ విజిల్ వేసేసరికి నువ్వింకా కూర్చుని లాక్కుంటూ ఉంటావు."

"ఒలే రత్నం, నీ కాలు మెలిక పడితే తెలిసేది."

"నా కాలు పడదు కదా!"

హైమావతి గురువు వైపు తిరిగింది.

"మీరే చెప్పండి గురువుగారూ. హైటాప్ మంచిదా, లోటాప్ మంచిదా? మార్చేయమంటే ఇవాళే మార్చేస్తాను. ఇంకోసారి నాలుగు సెకన్లకి ఇంటికి రాలేను."

గురువు ఆమె చీలమండ చుట్టూ బొటనవేలితో నొక్కి చూశారు. వాపు లేదు.

"శనివారం దాకా పరిగెత్తకు. శనివారం ఇద్దరూ షూ పెట్టండి."

"నావెందుకు? నావి బాగానే ఉన్నాయి కదా," అంది నాగరత్నం.

"ఇద్దరూ అన్నాను."

శనివారం ఇద్దరూ పెట్టి వెళ్లారు. రెండు జతలూ ఒకే కంపెనీవి, ఒకే నీలం రంగు, ఒకే నంబరు. తేడా అల్లా ఆ మెడ ఒక్కటే.

గురువు హైటాప్ మెడలో రెండు వేళ్లు పెట్టి సాగదీశారు. వదిలారు. మళ్లీ సాగదీశారు. చిన్నపిల్లల టోపీ సాగినట్టు ఎంత లాగితే అంత సాగింది. లోటాప్ పక్కన పెట్టి మడమ దగ్గర గోటితో గీసి చూశారు. అడుగు చూశారు. లోపల చెయ్యి పెట్టి తడిమారు. ఆయన ఒక షూ చూడటం అంటే అలా చూడటం. ఇప్పటివాళ్లు ఫోనులో బొమ్మ చూసి ధర చెబుతున్నారు.

"కత్తెర ఇవ్వు," అన్నారు.

నేను ఇవ్వలేదు. "ఎందుకండీ?"

"కొయ్యటానికి."

"గురువుగారూ, ఆ పిల్ల నన్ను చంపేస్తుంది."

"కోసేది నేను. నన్ను చంపుతుంది. ఇవ్వు."

ఇచ్చాను. ఆయన రెండు మెడలూ చుట్టూ కోసేశారు. రెండూ గారెల్లా బల్ల మీద పడ్డాయి. ఒక దాని కొస పట్టుకుని లాగితే అల్లిక విడి దారం వచ్చింది. ఆ దారమే సూదికి ఎక్కించమన్నారు. ఎక్కించాను. కోసిన అంచుని మడిచి, ఆ దారంతోనే, అదే రంగు కాబట్టి కుట్టు కనపడకుండా చుట్టి కుట్టారు. రెండు జతలకీ ఒకే రకం నల్ల లేసులు వేశారు. రెండూ దులిపి, తుడిచి, లోపల పేపర్లు కుక్కారు. పొద్దు గూకే లోపల పని అయిపోయింది. సూది ఎక్కించిన నేను కూడా పైనుంచి చూసి ఏ జత ఎవరిదో చెప్పలేకపోయాను.

ఆదివారం అందరూ ఇసుకలో పరిగెత్తి వచ్చారు. హైమావతి నడిచే వచ్చింది. బల్ల చూసి, "నావేవి?" అంది.

"బల్ల మీద ఉన్నాయి."

"ఇవి రత్నానివి కదా."

"ఒక జత రత్నానిది. ఒక జత నీది."

ఆమె రెండు జతలనీ చూసింది. బల్ల వెనక మేకుకి వేలాడుతున్న నీలం మెడ చుట్టలని చూసింది. మళ్లీ షూ చూసింది.

"ఓలమ్మో! కోసేశారా!"

నాగరత్నం నవ్వింది. నిలబడి నవ్వలేక కింద కూర్చుని నవ్వింది. "స్వెట్టర్‌కి చేతులు పోయాయే!"

"నోర్ముయ్యవే!" హైమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏటండీ గురువుగారూ ఇది? ఇరవై రోజుల్లో సెలక్షన్ పెట్టుకుని..."

"మొన్న ఆ మెడ నిన్ను పట్టుకుందా?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"అడుగుతున్నాను. కాలు తిరగబడినప్పుడు పట్టుకుందా?"

"లేదండీ."

"మరి పోయిందని ఏడుపెందుకు? నీ జత తీసుకో. కాలికి తొడగకుండా చెప్పాలి. తప్పు జత తీస్తే అవే నీకు, మార్చేది లేదు."

హైమావతి ముక్కు చీది బల్ల ముందు కూర్చుంది. ఒక జత ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఇంకో జత చూసింది. అంచు మీద వేలు నడిపింది. మా గురువు కుట్టు దొరకలేదు ఆమెకి. దొరకదు.

"వాసన చూసి చెప్పనా?" అంది చివరికి.

"నావైతే సంపెంగ వాసన వస్తాయే," అంది నాగరత్నం.

"సంపెంగ వాసన! నీ షూ విప్పితే వీధి కుక్కలు లేచి పారిపోతాయి."

చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. హైమావతికీ నవ్వు వచ్చింది, ఆపుకుంది. ఎడమ చేతిలో ఒక షూ, కుడి చేతిలో ఒక షూ పట్టుకుని చాలాసేపు చూసింది. మెడ లేకపోతే ఆ రెంటికీ తేడా లేదు. అప్పుడు, ఏం అనుకుందో ఏమో, కుడి చేతిలో ఉన్నదాన్ని తిరగేసింది.

అడుగున గళ్లు గళ్లుగా రబ్బరు ఉంది. చుట్టూ సరిగ్గానే ఉంది. పక్క జతలోంచి ఎడమ కాలిది తీసి తిరగేసింది. దాని బయటి అంచున గళ్లు లేవు. చిటికెన వేలి దగ్గర నుంచి మడమ దాకా ఒకే వైపుకి ఏటవాలుగా, కొబ్బరి ముక్క కోరినట్టు అరిగిపోయి ఉంది. రెండు నెలల షూ.

ఆమె ఆ అంచు మీద బొటనవేలు పెట్టింది. పై నుంచి కింది దాకా నెమ్మదిగా రాసింది. నాగరత్నం కూడా వంగి చూసింది. చూసి నవ్వటం ఆపేసింది.

"ఇవి నావి," అంది హైమావతి.

"ఎలా తెలిసింది?" అన్నారు గురువు.

ఆమె షూ చేత్తో పట్టుకుని లేచి, ఉత్త కాళ్లతోనే మళ్లీ ఇసుకలోకి వెళ్లింది. పది అడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకుంది. మళ్లీ పది అడుగులు. మళ్లీ ఆగింది. ఎడమ పాదం ముద్ర దగ్గర గొంతుక్కూర్చుని, బయటి అంచున లోతుగా దిగిన ఇసుకలో వేలు పెట్టి చూసింది.

"పిలవనా అండీ? టీ చల్లారిపోతోంది," అన్నాను.

"నీ పని చూసుకో," అన్నారు గురువు.

ఆ రోజు నుంచి రోజూ అందరికన్నా ముందు వచ్చేది. ముందు నడక. వారం తర్వాత పరుగు. కొంచెం దూరం వెళ్లటం, వెనక్కి వచ్చి ముద్రలు చూసుకోవటం. మూడో రోజు గురువు దగ్గరికి వచ్చి, "కాలు ఇంకా బయటికే పడుతోందండీ," అంది.

"ఎవరు చూశారు?"

"నేనే."

"చూస్తూ ఉండు."

మేకుకి ఉన్న చుట్టల్లో ఒకటి తీసుకుని జుట్టు బిగించి కట్టుకుంది. బాగుందని నాగరత్నం రెండోది అడిగి పట్టుకుపోయింది. హైటాప్ గురించి ఎవరైనా ఎగతాళి చేస్తే ఇప్పుడు హైమావతే ముందు నవ్వేది. "పనికొచ్చే చోట పెట్టాను కదా," అని తల చూపించేది.

సెలక్షన్ రోజున నేను గేటు బయట నుంచుని చూశాను. కిందటేడు కాలు తిరగబడిన మలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. ఆమె బిగబట్టలేదు. నీలం ముడి ఎగురుకుంటూ మలుపు తిరిగిపోయింది. తొమ్మిది సెకన్లు మిగిలాయి. కొందరు ఏడంటున్నారట. తొమ్మిది. నాగరత్నం రెండు అడుగుల వెనక వచ్చింది. గీత దాటగానే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

ఆ శనివారం బల్ల మీద అందరికన్నా ముందు వచ్చిన షూ హైమావతివి.

ఆదివారం పొద్దున్న గురువు ఆ ఎడమ కాలి షూని తిరగేసి వెలుగులోకి పట్టుకున్నారు. నేనూ పక్కనుంచి చూశాను. బయటి అంచు పాత అరుగుదల ఎక్కడిది అక్కడే ఆగిపోయి ఉంది. బొటనవేలి కింద కొత్త అరుగుదల మొదలైంది, సన్నగా, సమంగా.

హైమావతి చేతులు కట్టుకుని నిలబడింది. సెలక్షన్ గట్టెక్కిన మనిషి, అయినా అప్పుడే పరీక్షకి కూర్చున్నట్టు ఉంది. ఆయన ఏ షూ ఇచ్చినా ఒక తప్పు చెప్పకుండా ఇవ్వరు. పదకొండేళ్లలో నేను కుట్టిన ప్రతి జోడుకీ ఒక తప్పు చెప్పారు, ఒక్కటీ వదల్లేదు.

గురువు కుడి కాలిది కూడా చూశారు. రెండూ కలిపి ఆమె చేతిలో పెట్టారు.

"ఏం లేదు," అన్నారు. "తీసుకుపో."