తొందరపడ్డ బెల్లం

బొబ్బిలి దగ్గరి ఒక పల్లెలో తత్త్వాలు పాడుతూ, అడిగినవాళ్ళకు మంచీచెడూ చెప్పే గురువు అప్పలనరసమ్మ గారు. ఆమెను ప్రశ్న అడిగినవాడికి ముందు పని దొరికేది, జవాబు తర్వాత సంగతి. ఒక్కోసారి ఆ జవాబు వచ్చేదే కాదు. ఓపిక లేనివాళ్ళు ఇంకో గురువును వెతుక్కున్నారు.

చిన్నంనాయుడు మాత్రం ఆమెనే అంటిపెట్టుకుని ఉన్నాడు. ఆ వేసవి ఉదయం మామిడికాయల సంచి తెచ్చి ఆమె అరుగు మీద దించి, నిలబడే అడిగాడు.

"అమ్మా, తియ్యగా మాట్లాడితే రాయైనా కరుగుతుందంటారు. మా చెల్లెలు గౌరమ్మ ఎందుకు కరగదు?"

సంగతి ఊరందరికీ తెలిసిందే. నిరుడు వాళ్ళ నాన్న పోయినప్పుడు, గౌరమ్మ అత్తవారి ఊరి నుంచి వస్తుంటే దారిలో బస్సు చెడిపోయింది. పొద్దు వాలకముందే శవాన్ని ఎత్తాలని పెద్దలు తొందరపెట్టారు. చిన్నంనాయుడు తలూపాడు. ఆమె వచ్చేసరికి చితి మండుతోంది. తండ్రి కడసారి చూపు దక్కలేదు. అప్పటి నుంచి అన్నతో మాటల్లేవు. అతను వెళ్తే మంచినీళ్ళిచ్చి లోపలికి పోతుంది. అతను చీర తీసుకెళ్ళాడు, గాజులు తీసుకెళ్ళాడు, ముఖాన ఇంత నవ్వూ తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళవలసింది ఒక్కటే తీసుకెళ్ళలేదు. ఇప్పుడీ మామిడికాయల సంచిని కూడా ఆమె గడప దాటనివ్వలేదు. వచ్చేవారం తండ్రి సంవత్సరీకం. చెల్లెలు లేకుండా ఆ కార్యం కూడా జరిగిపోతే, ఇక ఆ ఇంటి తలుపు తనకు తెరుచుకోదని అతనికి తెలుసు.

నరసమ్మ గారు ఒక కాయ తీసి వాసన చూశారు. "మంచి పులుపు కాయ. మధ్యాహ్నానికి బెల్లం పులుసు పెట్టు," అన్నారు.

అతనికి ఒళ్ళు మండింది. తన బాధ ఇలా ఉంటే ఈవిడకు పులుసు కావలసి వచ్చిందా! అయినా కూర్చుని కొన్ని కాయలు తరిగాడు. ముక్కలు, నీళ్ళు, ఉప్పు, పసుపు, పచ్చిమిరపకాయలు గిన్నెలో వేశాడు. గురువు నోటికి పులుపు తగలకూడదని పెద్ద బెల్లంగడ్డ కూడా అప్పుడే పడేశాడు. పొయ్యి ఎగదోశాడు. పులుసు తెర్లింది, చిక్కబడింది. ఇంగువ పోపు వాసన వీధి దాకా వెళ్ళింది. ముక్క మాత్రం గరిటెకు టక్కుమని తగులుతూనే ఉంది.

నరసమ్మ గారు ఒక ముక్క కొరికి విస్తట్లో పక్కన పెట్టేశారు. "పానకంలో పుడక అంటే విన్నాను నాయనా. పానకంలో రాళ్ళు ఇదే చూడటం."

"ఎంత మంట పెట్టినా మెత్తబడలేదమ్మా."

"బెల్లం ఎప్పుడు వేశావు?"

"మొదట్లోనే."

"మీ అమ్మ అలాగే వేసేదా?"

అతను తలొంచుకున్నాడు. "లేదు. బెల్లం ముందు పడితే ముక్క బిగుసుకుపోతుందని అరిచేది. నేనే, పులుపుకి భయపడి..."

"చెల్లెలింట్లో ఏం మాట్లాడతావు?"

"పిల్లల చదువులు, వానలు, జీడితోట..."

"ఆ రోజు సంగతి?"

"అదెత్తితే ఏడుస్తుందమ్మా. నన్ను పట్టుకుని నానా మాటలూ అంటుంది."

నరసమ్మ గారు మిగిలిన కాయలు అతని ముందుకు జరిపారు.

ఈసారి అతను బెల్లం జోలికి పోలేదు. ముక్కలు తమ పులుపులో తాము కుతకుతలాడాయి. ఆ ఘాటు ఆవిరి కళ్ళకు తగిలి నీళ్ళు తెప్పించినా, గిన్నె దగ్గర నుంచి కదల్లేదు. ముక్క వేలికి నలిగాక బెల్లం వేశాడు. అది ఇట్టే కరిగి లోపలికి దిగింది. ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువతో పోపు పెట్టి, వేడివేడి పులుసును క్యారియర్‌లో పోసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"గౌరమ్మ దగ్గరికి. అచ్చం మా అమ్మ పెట్టినట్టే కుదిరిందమ్మా. ఒక్క ముద్ద తిందంటే..."

"ఆ క్యారియర్ ఇక్కడ పెట్టు," అన్నారు నరసమ్మ గారు. "ఉత్త చేతులతో వెళ్ళు."