అలుగు గుణం

ఏ జంతువును తింటే దాని గుణం ఒంటబడుతుందని మన్నెం దొరకు గట్టి నమ్మకం. తన ఒంట్లో కత్తి దిగకూడదని, ఒళ్లంతా పెంకులుండే అలుగును పట్టుకురమ్మని గూడెం వాళ్లకు చెప్పాడు. లేకుంటే గూడెం తగలబెడతానన్నాడు. వేటలు పోగా అడవిలో మిగిలింది ఒక్కటే అలుగు. గూడెం కన్నెమ్మ దాన్ని చంకనెత్తుకొచ్చి, కొలువులో దించి, కర్రతో నేల మీద కొట్టింది. అలుగు బంతిలా ముడుచుకుపోయింది.

"పెంకుల సంగతి నాకు తెలియదు దొరా. చప్పుడు వినగానే ముడుచుకునే గుణం మాత్రం తప్పకుండా వస్తుంది," అంది కన్నెమ్మ.

"పిచ్చి మాటలు. రోజూ జింకను తింటున్నాను. నాకు జింక గుణం వచ్చిందా?"

"మొన్న పొరుగు దొర బూర ఊదగానే తమరు పెరటి దారిన పరుగందుకున్నారు గదా. అదెవరి గుణం దొరా?"

కొలువులో ఎవరూ తలెత్తలేదు. కన్నెమ్మ సెలవైనా అడక్కుండా అలుగునెత్తుకుని అడవిదారి పట్టింది.

ఆ పూట దొర పప్పన్నమే తిన్నాడు.