తలుపు తీసి పెట్టిన రౌటర్లు

“తాళం చేసినవాడే దొంగకి వీలుగా చేస్తే, దాన్ని ఇంటికి బిగించినవాడిది తప్పెలా అవుతుందండీ?” అని సూరిబాబు గురువుగారిని అడిగాడు. అడిగాడనడం కంటే దబాయించాడనడం నిజం.

గురువుగారంటే ఏసుపాదం మాస్టారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం మానేసి, ముమ్మిడివరంలో ఇళ్ళకి ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఆఫీసు పెట్టారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టినా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ప్రశ్నకి ఆయన నోటితో జవాబు చెప్పడం అరుదు. ఏదో ఒకటి చేసి చూపించి ఊరుకుంటారు.

ఆ రోజు ఆయన మొహం చూస్తే ఎవరికైనా ప్రశ్న గొంతులోనే ఆగిపోవాలి. ముందురోజంతా ఆయన పోలీస్ స్టేషన్లో ఉన్నారు. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునే రత్నకుమారి గారి కనెక్షన్ నుంచి ఎవరో ఒక ఆడపిల్లకి బూతులు, బెదిరింపులు పంపారు. పంపినవాడు ఏ ఊళ్ళో కూర్చున్నాడో దేవుడికెరుక. వాడు నడిచిన దారి మాత్రం ఈవిడ రౌటరు గుండా పోయింది. పోలీసులు ఆవిణ్ణీ, కాలేజీలో చదివే ఆవిడ కొడుకునీ జీపెక్కించుకుపోయారు. వీళ్ళ తప్పేం లేదని మాస్టారు ఎస్సైకి నచ్చజెప్పి ఇంటికి తీసుకొచ్చేసరికి వీధివీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. తెల్లారాక ట్యూషన్‌కి ఒక్క పిల్లా రాలేదు.

ఇందులో సూరిబాబు నిర్వాకం కూడా చెప్పాలి. ఏ ఇంట్లో రౌటరు బిగించినా, బయటినుంచి దాన్ని తెరిచే దారి ఒకటి అలాగే వదిలెయ్యడం సూరిబాబుకీ, ఈ ఆఫీసు కుర్రాళ్ళందరికీ అలవాటు. నెట్ రావట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే బండేసుకుని వెళ్ళక్కర్లేదు. టీ తాగుతూ ఇక్కణ్ణించే సరిచెయ్యొచ్చు. అన్ని ఇళ్ళకీ పాస్‌వర్డు కూడా ఒకటే. ఆ రౌటర్ల లోపలి సాఫ్ట్‌వేర్లో లోపముందనీ, బయటి దారి తెరిచి ఉంటే పాస్‌వర్డు లేకుండానే ఎవడైనా జొరబడొచ్చనీ తయారుచేసిన కంపెనీ ఎండాకాలం మొదట్లోనే చెప్పింది. సరిచేసిన సాఫ్ట్‌వేరూ ఇచ్చింది. ఇంటింటికీ వెళ్ళి కొత్తది ఎక్కించి, బయటి దారి మూసి, పాస్‌వర్డులు మార్చి రమ్మని మాస్టారు సూరిబాబుకి పురమాయించారు.

సూరిబాబు “అలాగేనండీ” అన్నాడు. దారి మూసేస్తే ఇక ప్రతి ఫిర్యాదుకీ తనే పరుగెత్తాలి. ఎండలు తగ్గాక చూద్దామనుకున్నాడు. ఎండలు తగ్గి వానలు పట్టాయి. వానలు వెలిశాక చూద్దామనుకున్నాడు. మాస్టారు అడిగినప్పుడల్లా “అవుతోందండీ” అన్నాడు. ఇలాంటి బద్ధకాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. పోనీ ఇప్పుడైనా తప్పొప్పుకున్నాడా అంటే, తాళాలూ దొంగలూ అని తర్కం మొదలెట్టాడు.

మాస్టారు లాప్‌టాప్‌ని ఆఫీసు నెట్ నుంచి తప్పించి తన ఫోనుకి కలుపుకున్నారు, ఊళ్ళో ఎవడో పరాయివాడు చేసినట్టు. ఏవో అంకెలు కొట్టారు. పాస్‌వర్డు జోలికి వెళ్ళకుండానే ఒక ఇంటి రౌటరు తెరుచుకుంది. ఆ ఇంట్లో నెట్ వాడుతున్నవాటి పేర్లన్నీ తెరమీద వరసగా కనిపించాయి.

“టీవీ నడుస్తోంది,” అన్నారు మాస్టారు, తనలో తను చదువుకుంటున్నట్టు. “మగాళ్ళ ఫోన్లేవీ లేవు. ఝాన్సీ అట, ఆ పేరున్న ఫోనొక్కటే ఉంది. అంటే ఆ అమ్మాయి ఇంట్లో ఒక్కత్తే ఉందన్నమాట.”

ఝాన్సీ సూరిబాబు భార్య. ఊరందరి రౌటర్లతో పాటు తన ఇంటిదీ అతను అలాగే వదిలేశాడు. మాస్టారు చదువుతున్నది ఎవరి ఇల్లో తెలియడానికి అతనికి ఒక క్షణం పట్టింది. తెలిశాక రక్తం తలకెక్కింది. లాప్‌టాప్ మూత ఠపీమని మూసేశాడు.

“నా పెళ్ళాం ఒక్కత్తే ఉందో లేదో చూడ్డానికి మీరెవరండీ? పెద్దోరని ఊరుకుంటున్నాను. ఇంకోడైతే చెయ్యి విరిచేద్దును.”

గురువు మీద గొంతెత్తడం అతనికదే మొదలు. పక్క గదిలో కుర్రాళ్ళు చేస్తున్న పని ఆపేశారు. అంత కోపంలోనూ తాళం చేసిన కంపెనీ ఊసు సూరిబాబు నోట రాలేదు. బల్లమీది బండి తాళం లాక్కుని, “ముందు మా ఇంటికెళ్ళి ఆ దిక్కుమాలిన దారి మూసొస్తాను,” అంటూ గుమ్మం దాకా వెళ్ళాడు.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

“రత్నకుమారి గారి వీధిలో మొదలెట్టు,” అన్నారు. “మీ ఇల్లు ఆఖర్న.”